దేవదూత ఇంట గోధుమలు

ఆ పొద్దు ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తెల్లవారుజామున దక్షిణపు గాలి సముద్రం మీది నుంచి తడి మబ్బుల్ని మోసుకొచ్చి కొండల నెత్తిన దించింది. కాస్త పొద్దెక్కేసరికి ఉత్తరపు గాలి లేచి వాటిని వెనక్కి తోలింది. ఇద్దరు కాపరులు చెరోవైపు నుంచి అదిలించిన మందలాగా మబ్బులు ఒకేచోట తిరుగుతూ ఉండిపోయాయి. వాన పడలేదు. ఎండ రాలేదు. రాళ్ళు మాత్రం తడిసి నల్లబడ్డాయి.

మొదటి రోజు దిగిన చోటనే ఉన్నాడు సుల్తాను దళపతి ఇలియాస్ బే. వ్రాన్ కోటకు ఎదురుగా, గుడారం ముందర, పై సేనాని పాషా పంపిన కాగితం నడుముకు దోపుకొని నిలబడి ఉన్నాడు. ముట్టడికి ఇరవయ్యో రోజు. కాగితంలో రెండే ముక్కలు. రేపు మధ్యాహ్నానికి పాషా పెద్ద ఫిరంగులతో వస్తాడు. ఆయన వచ్చేలోపు కోట తాళంచెవి ఇలియాస్ బే చేతిలో ఉంటే లోపలివాళ్ళకు ప్రాణాలు దక్కుతాయి. లేకపోతే పన్నెండేళ్ళు దాటిన మగవాడు ఒక్కడు మిగలకూడదు. ఆ పని ఇలియాస్ బే దగ్గరుండి చేయించాలి.

పన్నెండేళ్ళు. సరిగ్గా ఆ వయసులోనే ఈ కోట దొర పెద్దకొడుకు రాదిచ్, వాగు దాటుతూ సుల్తాను గుర్రపుదళానికి చిక్కాడు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆ తరువాత సుల్తాను నగరులో కొత్త చదువు, కొత్త విల్లు, కొత్త దేవుడు, కొత్త పేరు. ఇప్పుడు ఇలియాస్ బే కింద రెండువేల మంది. లోపల కోట కాస్తున్నది అతని తమ్ముడు గ్రుబాన్. అన్న పట్టుబడిన నాటికి మూడేళ్ళ పిల్లవాడు. ఈ ఇరవై రోజుల్లో తమ్ముడికి ఆరు ఉత్తరాలు పంపాడు ఇలియాస్ బే. ఆరింటికీ జవాబు వచ్చింది. ఆరూ 'కోట ఇవ్వం' అనే.

కోట కింద ఒక వాగు ఉంది. కొండ అడుగున ఉన్న బిలంలో దూరి మాయమైపోతుంది. కొండకు అవతల, ఒక పూట నడకలో, మళ్ళీ పైకి వస్తుంది. ఇటువైపు దానికి ఒక పేరు, అటువైపు ఇంకో పేరు. నీళ్ళు అవే. చిన్నప్పుడు ఇటువైపు పుల్ల వేసి అటువైపుకు పరిగెత్తేవాడు రాదిచ్. ఏ పుల్లా ఎన్నడూ తేలలేదు.

"పిల్లోడా, అటు చూడు. దిడ్డి తలుపు తెరిచారు."

వెనకనుంచి అన్నవాడు కరాజా. అరవై దాటినవాడు. ఇలియాస్‌కు విల్లు పట్టడం నేర్పిన గురువు, ఇప్పుడు అతని కిందే పనిచేస్తున్నాడు. నలుగురిలో 'బే' అంటాడు, ఇద్దరే ఉన్నప్పుడు 'పిల్లోడా' అంటాడు.

కోట పెద్ద తలుపులో మనిషి వంగి దూరేపాటి దిడ్డి ఉంది. అది బార్లా తీసి ఉంది. ఒక ముసలివాడు గడప ఊడుస్తున్నాడు. ఊడ్చి, తడుముకుంటూ, పైకమ్మీకి పచ్చటి కొమ్మ ఒకటి దోపాడు.

"లొంగిపోతున్నారంటావా?" అన్నాడు కరాజా. "కాదులే. లొంగేవాడు పెద్ద తలుపు తీస్తాడు. దిడ్డి తీసేవాడు దొంగదెబ్బ తీస్తాడు."

ఇలియాస్ బే చూపు ఆ కొమ్మ మీదే ఉంది. ముప్పై ఏళ్ళుగా అతనికి చంద్రుడి నెలల లెక్కే అలవాటు. పొద్దు లెక్కన ఇది ఏ నెలో, ఏ రోజో ఎప్పుడో మరిచిపోయాడు. ఆ కొమ్మను చూశాకే తెలిసింది.

"ఇవాళ పండగ," అన్నాడు.

"ఎవరి పండగ?"

"మా..." నాలుక అక్కడ ఆగింది. "ఆ ఇంటి పండగ. ఇంటివేల్పు పేర చేస్తారు. ఎవర్నీ పిలవరు. వచ్చినవాణ్ణి పొమ్మనరు. పొద్దుగుంకేదాకా తలుపు మూయరు."

"శత్రువు వస్తేనో?"

"కూర్చోబెట్టి పెట్టాలి. అందరూ తినేదాకా ఇంటాయన నిలబడే ఉండాలి."

"ఆహా, ఎంత చక్కని ఆచారం! పద, రెండువేల మందిమీ పోదాం. సాయంత్రానికి వాళ్ళ గాదె ఖాళీ. రేపు పొద్దున వాళ్ళే మన వంటల దగ్గర బారులు తీరతారు."

ఇలియాస్ బే నవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆ దిడ్డి వైపే చూస్తూ నిలబడ్డాడు. తరువాత కత్తి విప్పి గుడారంలో పెట్టాడు. విల్లు, అమ్ములపొది గుంజకు తగిలించాడు. అతని బాణాలకు ఈకల కింద రెండు చుట్లు నీలిదారం, ఒక చుట్టు పసుపుదారం ఉంటుంది. విలుకాడికొక దారం. కరాజా తన శిష్యులందరికీ పెట్టిన కట్టుబాటు అది. ఎవరి బాణం ఎక్కడ దిగిందో తరువాత తగువు రాకూడదని.

"ఒక్కడివే పోతావా? ఇదెక్కడి పిచ్చి?" అన్నాడు కరాజా. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "నీ వెనక నేనొస్తా."

"తమ్ముణ్ణి ఒకసారి ఎదురుగా అడుగుతా. కాగితం మీద ఇవ్వనన్నవాడు మొహం చూసి ఇవ్వొచ్చు."

"సరే. నీడ ఆ నల్లబండ దాకా పోయేలోపు నువ్వు రాకపోతే నేనొస్తా."

"ఎండే లేదు. నీడెక్కడిది?"

"అయితే నాకు విసుగు పుట్టేలోపు రా."

* * *

కోటకు పోయే దారి పక్కన ఆ వంశపు సమాధిరాళ్ళు వరసగా ఉన్నాయి. గోడమీది విల్లులకు అందే దూరం కాబట్టి ఇరవై రోజులుగా ఎవరూ అటు పోలేదు. ఒక్కో రాయి ఒక్కో ఎద్దంత. చివరి రాయి చిన్నది, దూడంత. దానిమీద ఒక పిల్లవాడి బొమ్మ చెక్కి ఉంది. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపిస్తూ.

తండ్రి తనకు రాయి వేయించాడని ఇలియాస్ బే ఏనాడో విన్నాడు. చూడటం ఇదే. కింది వరస అక్షరాలకు పాచి పట్టింది. గోటితో గీకాడు.

'ఇక్కడ పడుకున్నాడు రాదిచ్, పన్నెండేళ్ళవాడు, తన సొంత నేలమీద.'

రాతి చుట్టూ గడ్డి కురచగా ఉంది. ఎవరో ఏటా కోస్తున్నారు. అతను దాటిపోవడానికి కాలు ఎత్తాడు. దాటలేకపోయాడు. చుట్టు తిరిగి పోయాడు.

దిడ్డి దగ్గర ముసలివాడు చెయ్యి చాపాడు. దబీజివ్. ఇలియాస్ బే పుట్టకముందు నుంచీ ఆ తలుపు దగ్గరే ఉన్నాడు. కళ్ళకు తెల్లటి పొరలు కమ్మాయి.

"ఎవరయ్యా?" అని, అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "చూశావా, ముసలితనం. ఇవాళ పేరు అడగకూడదు, పని అడగకూడదు. పొద్దుగుంకాక అడుగుతాం. కాళ్ళు మాత్రం తుడుచుకోవాలి, అది ఏ పండగైనా తప్పదు."

చెయ్యి పట్టుకొని లోపలికి దాటించాడు. వదలబోతూ ఆ బొటనవేలి మీది కాయను తడిమాడు.

"విలుకాడివా?"

"ఆఁ."

"మంచి విలుకాడివే. ఇట్లాంటి కాయ ఊరికే కాయదు," అని వదిలేశాడు.

వాకిట్లో కుక్క లేదు. కోడి లేదు. అత్తిచెట్టుకు మనిషి ఎత్తు దాకా బెరడు లేదు. గోడవార కూర్చున్న పిల్లలు అతని చేతుల వైపు చూశారు, ఏమన్నా తెచ్చాడేమోనని. నలుగురైదుగురు కత్తులు పట్టినవాళ్ళు లేచి నిలబడ్డారు. చూపుల్లో నిప్పులున్నాయి గాని ఎవరూ అడుగు ముందుకు వేయలేదు. పండగ కదా.

మెట్లెక్కబోతుంటే వాసన తగిలింది.

ఇలియాస్ బే కాలు మెట్టుమీదే ఆగిపోయింది. ఉడికిన గోధుమల వాసన. తేనె కలిపిన గోధుమలు.

చుట్టుపక్కల కొండల్లో ఏ ఇంటి పండగకైనా గోధుమలు ఉడకేస్తారు. వాళ్ళ వేల్పులు ఏనాడో చచ్చిపోయిన పుణ్యాత్ములు. గోధుమ చచ్చినవాళ్ళ కూడు. ఈ ఇంటి వేల్పు మాత్రం దేవదూత మిఖాయిల్. దేవదూతకు చావు లేదు. 'చావు లేనివాడి పండగనాడు గోధుమలు ఉడకేస్తే, ఇంట్లో ఎవరినో రమ్మని చావును పిలిచినట్టురా' అనేది అమ్మ. అతను పన్నెండు పండగలు చూశాడు ఈ ఇంట్లో. ఒక్కసారీ ఈ వాసన లేదు.

* * *

చావడిలో పొడుగాటి బల్ల. దానికి ఆ చివర ఇంటాయన నిలబడే చోట ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నల్లటి తలగుడ్డ. బుగ్గలు పీక్కుపోయాయి. అక్క వీదా. రాదిచ్ కంటే రెండేళ్ళు పెద్దది. కళ్ళు మాత్రం అవే, చింతనిప్పులు.

"రండి బే గారూ. ఇవాళ మీరు ఈ ఇంటి అతిథులు. కూర్చోండి."

ఆ 'గారు' చెంపమీద కొట్టినట్టు తగిలింది. కూర్చోలేదు.

"అక్కడ నిలబడాల్సింది ఇంటాయన. గ్రుబాన్ ఏడి?"

"ముందు కూర్చోండి."

బల్లమీద గుడ్డ కప్పిన రొట్టె. నాలుగు ఎండిన మాంసం ముక్కలు, వెలుగు అవతలికి కనపడేంత పల్చగా కోసినవి. ద్రాక్షసారా కూజా. రెండు మట్టిగిన్నెల నిండా గోధుమలు. ఒక్కో గిన్నెలో ఒక్కో మైనపు వత్తి వెలుగుతోంది.

"ఈ ఇంట గోధుమలు ఉడకవు," అన్నాడు. "ఎవరు పోయారు? అమ్మా?"

"అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆమె రోజు ఆమెకుంది." ఒక గిన్నెను వేలితో అతని వైపుకు జరిపింది. "ఇది మీది."

వత్తి మంట అటూ ఇటూ ఊగి నిలబడింది.

"మీరు పట్టుబడ్డ ఏడాది, కొడుకును చూపించి నాన్నను ఆడించాలని చూశారు మీ సుల్తాను మనుషులు. 'చచ్చినవాణ్ణి చూపించి నన్నెవరూ బెదిరించలేరు' అన్నాడు నాన్న. రాయి చెక్కించాడు. ఊరంతా నమ్మాలి కదా, ఆ ఏడు పండక్కి గోధుమలు ఉడకేయించాడు. దేవదూతకు కోపం వస్తుందని పాదిరి ఏడ్చాడు. నాన్న వినలేదు. అప్పటినుంచీ ఏటేటా మీ గిన్నె ఉడుకుతూనే ఉంది. మొదటి చెంచా నాన్నే తినేవాడు, అందరూ చూస్తుండగా. అమ్మ ఒక్క గింజ ముట్టలేదు. 'నా బిడ్డ ఎక్కడో రొట్టె తింటున్నాడు, వాడి చావుకూడు నేనెట్టా తింటా' అనేది."

"రాయి చుట్టూ గడ్డి..."

"ఆమే కోసేది. ఇప్పుడు నేను కోస్తున్నా. సమాధిలో ఎవరూ లేరని తెలిసినా గడ్డి పెరుగుతుంది కదా."

ఇలియాస్ బే రెండో గిన్నె వైపు చూశాడు. అడగాలని లేదు. అడగకుండా ఉండలేకపోయాడు.

"అది?"

వీదా వెనక గోడ దగ్గరికి పోయింది. గూటిలోంచి గుడ్డలో చుట్టిన వస్తువు ఒకటి తీసుకొచ్చి రెండో గిన్నె పక్కన పెట్టి విప్పింది. బాణం. సగానికి విరిగింది. ఈకలున్న సగమే ఉంది.

"మీ సైన్యం దిగిన మొదటి సాయంత్రం," అంది. "గోడ ఎక్కొద్దురా అన్నాను. విన్నాడా? 'అన్నను ఒక్కసారి చూస్తానే, గుర్రంమీద ఎట్లా కూర్చుంటాడో చూస్తానే' అని మొదలుపెట్టాడు. ముప్పైమూడేళ్ళవాడు, జాతరకు పోయే పిల్లాడిలాగా ఎగురుకుంటూ పోయాడు. ఇనప టోపీ తీసేశాడు. మొహం కనపడితే మీరు గుర్తుపడతారనట. చలిగా ఉందని నాన్న ఎర్రటోపీ పెట్టుకున్నాడు."

ఎర్రటోపీ.

ఆ సాయంత్రం ఇలియాస్ బేకు బాగా గుర్తుంది. వెలుగు పోబోతోంది. గోడమీద ఎర్రటోపీ ఒకటి కనపడింది. 'అంత దూరం ఎవడివల్లా కాదు' అన్నాడు కరాజా నవ్వుతూ. సైనికులు చుట్టూ మూగారు. మొహం కనపడలేదు. టోపీ ఒక్కటే కనపడింది. ఆ టోపీ తండ్రిదని, బతికున్న కొడుక్కి రాయి వేయించినవాడిదని అతనికి తెలుసు. తండ్రి చచ్చి పదేళ్ళయిందని కూడా తెలుసు. తెలిసే విల్లు ఎత్తాడు. టోపీ గోడ వెనక్కి పడిపోయింది. రెండువేల మంది కేక వేశారు. ఆ రాత్రి ఎన్నో ఏళ్ళ తరువాత అతను హాయిగా నిద్రపోయాడు.

"మూడురోజులు బతికాడు," అంటోంది వీదా. "మీ మొదటి ఉత్తరానికి జవాబు వాడే చెప్పి రాయించాడు. మిగతావన్నీ నేనే రాశా. చిన్నప్పుడు మీకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇదే. మీరు గుర్తుపట్టలేదు."

ఆమె బాణం ఎత్తి వత్తి వెలుగులో పెట్టింది. రెండు చుట్లు నీలిదారం. ఒక చుట్టు పసుపుదారం.

"మీ వాళ్ళలో విలుకాడికొక గుర్తు ఉంటుందట కదా. ఇది ఎవరిదో కనుక్కొని చెప్పండి. పగ తీర్చమని అడగను. తీర్చేవాళ్ళెవరూ మిగల్లేదు కూడా. పేరు చాలు. దీపం పెట్టినప్పుడు తిట్టుకోవడానికైనా ఒక పేరు ఉండాలి కదా."

ఇలియాస్ బే ఆ దారాలను చూశాడు. నిన్న పొద్దున కూడా కొత్త బాణాలకు చుట్టాడు. పంటితో కొరికి ముడివేశాడు.

"కనుక్కుంటా," అన్నాడు.



* * *

"తాళంచెవి ఇవ్వు," అన్నాడు, బాణం మీదినుంచి చూపు తిప్పుకొని. "రేపు మధ్యాహ్నం పాషా వస్తాడు. ఆయన వచ్చాక నా చేతిలో ఏమీ ఉండదు. ఈలోపు తాళంచెవి నా దగ్గరుంటే అందరూ బతుకుతారు."

వీదా రొట్టెమీది గుడ్డ తీసింది. నల్లటి రొట్టె. కోటలో మిగిలిన ఆఖరి పిండిలో అడవి సింధూరపు చెట్టు కాయల పొడి కలిపి చేసింది. దాన్ని కాస్త ఎత్తింది. అడుగున జానెడు పొడవున్న ఇనప తాళంచెవి ఉంది.

"కోటలో కత్తి పట్టినవాళ్ళు నలభైమంది ఉన్నారు. గ్రుబాన్‌కు జ్వరమని చెప్పి పదిహేడు రోజులు నెట్టుకొచ్చా. ఇవాళ రొట్టె కోయడానికి ఇంటి మగవాడు రాకపోతే ఇంక నమ్మరు. నేను చెబితే వినరు. ఆడదాని మాటకు తలుపు తీశామని పేరు పడేకంటే గోడమీద చావడం నయమంటారు. రొట్టె కోసినవాడి మాటే మాట. తాళంచెవి కూడా వాడిదే. నీకు తెలియనిదా?"

గారు పోయింది. నువ్వు వచ్చింది. అతను గమనించాడు.

"ఇంట్లో వేరే మగవాడు లేడా? దూరపువాడైనా..."

"ఒకడున్నాడు. చచ్చినవాడు."

అతను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. కింద పిల్లలు అత్తిచెట్టు బెరడును గోళ్ళతో గీకుతున్నారు. వాళ్ళలో పన్నెండేళ్ళు దాటినవాళ్ళెవరో, దాటనివాళ్ళెవరో ఇక్కడినుంచి తెలియడం లేదు. ఆకలికి అందరూ ఒకే ఎత్తున్నారు.

రొట్టె కోయడమంటే తలపాగా తీయాలి. రొట్టెమీద శిలువ గాటు పెట్టాలి. ఆ గాటులో ద్రాక్షసారా పోయాలి, ముద్దు పెట్టుకోవాలి. వదిలేసిన దేవుడి దగ్గరికి తిరిగిపోయినవాడికి సుల్తాను సైన్యంలో ఒకటే శిక్ష. నలభైమంది కళ్ళు, అంతకు రెట్టింపు చెవులు. రేపు ఈ జనమంతా పాషా ఎదుట నడిచిపోతారు. ఒక్కడు నోరు జారినా చాలు.

"నా తల పోతుందే అక్కా," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పలకని మాట అది. అక్కా.

"ఇలియాస్ బేకి నేను తాళంచెవి ఇవ్వను," అంది వీదా. "ఆయన్ను నేనెరగను. ఒరే రాదిచ్, నీకైతే ఇస్తా. తీసుకుంటావో, ఆ గిన్నెలోనే పడుంటావో నువ్వే తేల్చుకో. పొద్దెక్కువ లేదు."

అతను తలపాగా మీద చెయ్యి వేశాడు. దాన్ని విప్పడం ఎంతోసేపటి పని కాదు. రోజూ విప్పేదే. ఆ పొద్దు మాత్రం ఎన్ని చుట్లున్నాయో లెక్కే తేలలేదు.

* * *

దబీజివ్ కర్రతో గడపను మూడుసార్లు కొట్టాడు. జనం ఒక్కొక్కరే చావడిలోకి వచ్చారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, వెనక కత్తులవాళ్ళు. బల్ల చివర నున్నగా గొరిగిన తలతో నిలబడిన మనిషిని చూసి ఆగిపోయారు.

"ఇంటి పెద్దకొడుకు," అంది వీదా. "గ్రుబాన్ లేడు. పదిహేడు రోజులైంది. అబద్ధం చెప్పినందుకు నన్ను తర్వాత తిట్టుకోండి. ఇంటికి మాత్రం మగవాడున్నాడు."

ఎవరో ఏడుపు మింగారు. ముందు వరసలో ఒక అవ్వ గబగబా గుండెలమీద శిలువ గీసుకుంది. రాదిచ్ సమాధి దగ్గర ముప్పై ఏళ్ళు దీపం పెట్టిన మనిషి ఆమె.

"దయ్యం! సమాధిలోంచి లేచొచ్చింది!"

"దయ్యమైతే రొట్టె బరువు మోయలేదు లేవే," అన్నాడు దబీజివ్. తడుముకుంటూ వచ్చి బల్లకు ఎదురుగా నిలబడ్డాడు. "పట్టుకో నాయనా. నేను ఇటు పట్టుకుంటా. నీ బొటనవేలు నాకు తెలుసు, భయం లేదు."

రాదిచ్ కత్తి తీసుకున్నాడు. చేతులకు మరపు రాలేదు. రొట్టెను బోర్లా తిప్పాడు, అడుగున అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు. ద్రాక్షసారా గాటులోకి ఇంకింది. ఇద్దరూ పట్టుకొని మూడుసార్లు తిప్పారు. ముద్దు పెట్టుకొని విరిచారు. పెద్ద సగం రాదిచ్ చేతిలోకి వచ్చింది. చూస్తున్నవాళ్ళు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పెద్ద సగం ఇంటాయన వైపు రావడం మంచిదంటారు.

"రేపు పొద్దున్నే పెద్ద తలుపు తీస్తాం," అన్నాడు రాదిచ్. "కత్తులు లోపల వదిలి అందరూ బయటికి నడవండి. మీమీద చెయ్యి పడదు. ఇది ఇంటివాడి మాట."

కత్తులవాళ్ళలో పెద్దవాడు చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. చూసి, కత్తి తీసి గడప పక్కన ఆనించాడు. మిగతావాళ్ళూ ఒకరి తరువాత ఒకరు ఆనించారు. ఇనుము రాతికి తగిలే చప్పుడు కాసేపు వినపడింది.

తాళంచెవి రాదిచ్ నడుముకు చేరింది. పాషా కాగితం పక్కనే.

అందరూ కూర్చున్నారు. అతను నిలబడే వడ్డించసాగాడు. మొదటి చెంచా తనే తినాలి. తన గిన్నెలోంచి తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. చచ్చినవాడి కూడు ఇంత తియ్యగా ఉంటుందని తెలియదు.

అప్పుడే వాకిట్లోంచి దబీజివ్ గొంతు వినపడింది.

"రండి రండి, పేరడగం, కాళ్ళు తుడుచుకోండి. అబ్బ, ఈ చేతికీ కాయే! ఇవాళ మా ఇంటికి విలుకాళ్ళే చుట్టాలు!"

గుమ్మంలో కరాజా. విసుగు పుట్టినట్టుంది. ఆయుధం లేకుండానే వచ్చాడు.

కరాజా ముందు ఆ గొరిగిన తలను చూశాడు. బల్లమీద విప్పి పెట్టిన తలపాగాను చూశాడు. శిలువ గాటుతో విరిగిన రొట్టెను, ఎర్రగా తడిసిన దాని అంచును చూశాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఒక్క కేక వస్తే చాలు, రేపటికి పాషా అక్కర్లేదు.

రాదిచ్ గరిటె పక్కన పెట్టాడు. అతిథి వస్తే ఇంటాయన చేయాల్సిందే చేశాడు. పీట జరిపి చూపించాడు.

కరాజా తెరిచిన నోరు మూసి, వచ్చి కూర్చున్నాడు. కూర్చున్న చోటుకు సరిగ్గా ఎదురుగా రెండో గిన్నె. దాని పక్కన విరిగిన బాణం. ఆ దారాలు చుట్టడం నేర్పిన కళ్ళు వాటిమీద పడ్డాయి. అక్కడే ఆగాయి. బాణం మీదినుంచి వత్తి మీదికి, వత్తి మీదినుంచి నెమ్మదిగా పైకి, తన శిష్యుడి మొహం మీదికి పోయాయి. ఆ ముసలి మొహంలో రంగు దిగిపోయింది.

ఆ చూపు పోయిన దారంతా వీదా చూసింది.

ఆమె చెంచా నోటి దాకా పోయి ఆగిపోయింది. బాణం వైపు చూసింది. కరాజా వైపు చూసింది. తరువాత తమ్ముడి కుడిచేతి బొటనవేలి వైపు. పెదవి కదిలింది. కాని పండగనాడు అతిథిని ప్రశ్న అడగకూడదు, పొద్దుగుంకేదాకా. ఆ కట్టుబాటే ఇంతసేపూ వాళ్ళనందరినీ కాపాడింది.

ఆమె తలతిప్పి కిటికీలోంచి చూసింది. రోజంతా తిరిగిన మబ్బు ఒకచోట చీలింది. పొద్దు కొండకు జానెడు ఎత్తున ఉంది.

వీదా చెంచా నోట్లో పెట్టుకుంది. కరాజా గోధుమలు పెట్టించుకున్నాడు, ద్రాక్షసారా గిన్నె మాత్రం చేత్తో పక్కకు జరిపాడు. రాదిచ్ నిలబడి వడ్డిస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. పిల్లలు గిన్నెల అడుగులు గీకే చప్పుడు తప్ప చావడిలో ఇంకే చప్పుడూ లేదు. అందరూ తిన్నారు, ఆఖరి గింజ దాకా.